ముప్పై రెండు డిగ్రీల చెయ్యి

సొహార్‌లో జూలై. బయట నలభై ఏడు.
అయినా రాజలింగు చేతులు చల్లగా ఉన్నాయి.
వెయిటింగ్ హాల్లో గంటన్నర
ఏసీ గాలికింద కూర్చోబెట్టారట.
చల్లబడ్డ నరం నెమ్మదిగా నడుస్తుంది,
లేని జబ్బు చూపిస్తుంది.
అందుకని టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి
"ముంచన్నా" అన్నాను.
తెలుగు వినగానే
చేతికన్నా ముందు మొహం వెచ్చబడింది.

తోలు ముప్పై రెండు డిగ్రీలు దాటేదాకా
మాట్లాడుకోవడమే మా పని.
ఆయనది ధర్మపురి దగ్గర, నాది రాయచోటి.
ఏమవుతోంది?
"తిమ్మిరి."
ఇంకా?
"తిమ్మిరే."
రాత్రి లేపుతుందా?
"లేపుతది. చెయ్యి దులుపుకుంట కూసుంట."

పదకొండేళ్ళుగా కాంక్రీటు పగలగొట్టే మిషన్ పట్టిన చెయ్యి.
మణికట్టు మీద మీట ఆనించి
చిన్న కరెంటు వదిలాను.
బొటనవేలు ఎగిరిపడింది.
"నేను గదపలే!" అని నవ్వాడు,
తన ఇంట్లో మనిషిని
వేరెవరో పేరు పెట్టి పిలిచినట్టు.

తెర మీద మొదట గోడల్లోని వైర్ల గోల,
యాభై హెర్ట్జ్ రొద.
ఏసీ ఆపేశాను. గది మూగబోయింది.
అప్పుడు వినబడింది నరం.

మంచి నరం సెకనుకు యాభై మీటర్లు.
బాతినా హైవే మీద, కెమెరాల్లేని చోట
లాండ్ క్రూజరంత వేగం.
ఈయనది మణికట్టు సందులో ముప్పైకి పడిపోయింది.
రోడ్డు బాగానే ఉంది,
వంతెన కిందే ఇరుకు.

ఎనిమిదేళ్ళుగా ఈ గీతలు చూస్తున్నా
ఒక సంగతి ఇంకా వింతే నాకు:
నరానికి గొంతు పెంచడం రాదు.
చీమ కుట్టినా, చెయ్యి నలిగినా
ఒక్కో పోగులో అల ఎత్తు ఒక్కటే.
బాధ ఎక్కువైతే
అదే మాటను వెంటవెంటనే అంటుంది, అంతే.
తిమ్మిరి.
తిమ్మిరి తిమ్మిరి.
తిమ్మిరితిమ్మిరితిమ్మిరి.

ఫోర్‌మన్‌కు ఎన్నిసార్లు చెప్పావన్నా?
"మస్తు సార్లు."
అరిచావా?
"ఒర్రుడెందుకు? చెప్పిన గదా."

కండ దగ్గరికి వచ్చి నరం ఆగిపోతుంది.
నడుమ ఒక సందు,
వెంట్రుకను వెయ్యి పాయలు చేస్తే
ఒక పాయ పట్టేంత.
కరెంటు దాన్ని దూకలేదు.
చిన్న చిన్న సంచులు విప్పి
అవతలి గట్టు మీద రసం చల్లుతుంది.
మెరుపు తడి అవుతుంది, తడి మళ్ళీ మెరుపు.
డాక్టర్ ఖమీస్ అరబ్బీ
నర్సు షీజా నోట మలయాళం వాసనున్న హిందీ అయి,
నా దగ్గర సీమ తెలుగై
రాజలింగు చెవిలో ధర్మపురి తెలుగైనట్టు.

అందిన వెంటనే ఆ రసాన్ని
ఎంజైమ్ ఒకటి వచ్చి తుడిచేస్తుంది,
లేకుంటే తర్వాతి మాటకు చోటుండదు.
కంపెనీ క్లినిక్‌లోనూ తుడిచే పని బాగా సాగుతుంది:
రెండు మాత్రలు, ఒక పట్టీ, ఫైలు శుభ్రం.
అక్కడ అందుకోవడమే లేదు.

రిపోర్టులో అంకెలు రాశాను.
అంకెలకూ గొంతు పెంచడం రాదు.

ఇంకొకటి కూడా చదువుకున్నాను.
మెదడులో కణం ఒక్క గుసగుసకు లేవదు.
ఇటునుంచొకటి, అటునుంచొకటి,
దగ్గర దగ్గరగా వచ్చి పడి
గీత దాటితేనే భగ్గుమంటుంది.

నీ మిషన్ మీద ఇంకెవరికన్నా ఇట్లుందా?
తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుంటూ లెక్కపెట్టాడు.
ఒక చెయ్యి అయిపోయింది.
రెండో చేతికి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున
కారిడార్‌లో సిమెంటు బూట్లు ఆరు జతలు.
ఒక బెంగాలీ, ఒక పఠాన్, నేపాలీలిద్దరు,
నిజామాబాద్ కుర్రవాడొకడు, చివర రాజలింగు.
ఒకరి భాష ఒకరికి రాదు.
అందరూ చెయ్యి మాత్రం ఒకేలా దులుపుకుంటున్నారు.

షీజా టబ్బులు వెతకడానికి వెళ్ళింది.
నేను కెటిల్‌లో నీళ్ళు పెట్టాను.